జోడు – శబ్దార్థవిచారము

హైదరాబాదు నగరమున గన్‌ఫౌండ్రీనుండి ఆబిడ్సు కూడలివఱకు నడచువారికి పాదరక్షల యంగళ్లు పెక్కు గనబడును. వాని పేరుపలకలమీద షూ, చప్పల్, ఫుట్‌వేర్ అను మాటలే తెలుగులిపిలో వ్రాయబడియుండును. చెప్పులు అను మాట అరుదు. జోళ్లు అను మాట మఱింత యరుదు. అయినను అంగటిలో బేరమాడు తెలుగు గృహస్థుడు "ఈ జోడెంత?" అని యడుగును. ఇల్లు చేరినవెనుక "జోళ్లు వాకిట విడువుము" అని పిల్లవానికి జెప్పును. పలకమీద లేని పదము నోట నిలిచియున్నది. ఈ పదమునకు గల యర్థము లెవ్వి, వానిలో మొదటిదేది, తరువాతిదేది, పాదరక్షకు ఈ పేరెట్లు వచ్చినది అను విషయములను విచారించుటకై ఈ వ్యాసము వ్రాయబడుచున్నది.

ఈ విచారమునకు గారణము గలదు. పాఠశాలలలో తెలుగు బోధించువారియందు జోడు శబ్దమును గూర్చి రెండు విధములగు పొరపాటులు వ్యాపించియున్నవి. జోడు అనునది ఉర్దూ 'జోడా'కు వికృతి యనియు, శిష్టరచనయందు దానిని వాడరాదనియు దలచి, బాలుడు తన వ్యాసమున జోళ్లు అని వ్రాసినచో దానిని ఎఱ్ఱసిరాతో గొట్టివేసి పాదరక్షలు అని దిద్దుట యొకటి. జోడనగా చెప్పులే యని మనస్సున నాటుకొనుటచేత, కావ్యమున యుద్ధసన్నాహఘట్టమునందు వీరుడు జోడు తొడిగెనని యున్నచో చెప్పులు తొడిగెనని యర్థము చెప్పుట మఱియొకటి. మొదటిది బాలుని యింటిమాటను అపరాధముగా జేయును. రెండవది కవిమాటను నవ్వులపాలు చేయును. ఈ రెండును ఒక్క యజ్ఞానమునుండియే పుట్టినవి. జోడు శబ్దము నడచివచ్చిన త్రోవ వారికి దెలియదు.

ముందుగా పాదరక్షకు మనవారు వాడిన యితరశబ్దములను జూడవలయును. లేనిచో జోడు వచ్చి యెవ్వరి చోటు నాక్రమించినదో తెలియరాదు. సంస్కృతమున ఉపానత్తు, పాదుక అను శబ్దములు ప్రసిద్ధములు. ఉపానచ్ఛబ్దమునకు మూలము కట్టుట యను నర్థముగల నహ్ ధాతువు. పాదమునకు జేర్చి కట్టబడునది కావున ఉపానత్తు. ఇది ప్రాకృతముల ద్వారమున జాఱి మరాఠీలో వహాణ యనియు, అవధీలో పనహీ యనియు నేటికిని బ్రతికియున్నది. పాణిని అనుపదీన శబ్దమును ప్రత్యేకసూత్రమున (5-2-9) సాధించెను. అడుగు పొడవునకు సరిగా నమరి కట్టబడు పాదరక్షకు అది పేరు. మఱియొక సూత్రమునకు (5-1-14) వృత్తికారు లిచ్చిన యుదాహరణమునుబట్టి పాదరక్షకు బనికివచ్చు ముంజగడ్డిని ఔపానహ్య మందురు. దీనివలన పాదరక్ష యనిన వెంటనే తోలే యని తలపవలసిన పని లేదని తేలుచున్నది. ఈ విషయము ముందు మనకు బనికివచ్చును.

అమరసింహుడు పాదుకాశబ్దపర్యాయములను ఏ వర్గమున బెట్టినాడో గమనింపదగినది. వస్త్రములు, భూషణములు, చందనాదులు మనుష్యవర్గమున గలవు. పాదరక్ష మాత్ర మచ్చట లేదు. అది శూద్రవర్గమున, చర్మకారుని పనిముట్ల సరసను గలదు. తక్కిన యలంకారములను తొడుగుకొనువానినిబట్టి చెప్పి, దీనిని మాత్రము చేయువానినిబట్టి చెప్పినాడు. నిఘంటువులో పదమునకు దొరకిన చోటు లోకమున ఆ వస్తువునకు దొరకిన చోటునే చూపుచున్నది.

తెలుగున పాదరక్షకు దేశ్యశబ్దము చెప్పు. ఇది 'వచించు' అను నర్థముగల చెప్పు ధాతువుతో నేకరూపమైనందున బాలురకు పరిహాసవిషయమైనది. రెండును ఒక్క శబ్దమే యనుకొని, నడచునపుడు చప్పుడు చేయునది, అనగా మాటాడునది, కావున చెప్పు అని వ్యుత్పత్తి కల్పించువారును గలరు. ఇది సరికాదు. తమిళమున పాదరక్ష సెరుప్పు, వచించుట సెప్పు. అచ్చట రెండు రూపములును వేఱువేఱుగనే నిలిచినవి. తమిళమునందలి రేఫము తెలుగున లోపించి పకారము ద్విత్వముగ మిగులుట క్రొత్త కాదు. వారి నెరుప్పు మనకు నిప్పు. వారి పరుప్పు మనకు పప్పు. వారి కరుప్పు మనకు నలుపను నర్థముగల కప్పు. ఆ వరుసలోనిదే సెరుప్పు – చెప్పు. కన్నడమున ఈ శబ్దము కెర, కెరవు, కెర్పు అని కకారాదిగ నున్నది. కన్నడపు కకారమునకు తెలుగున చకారము వచ్చుట కివి – చెవి, కెఱె – చెఱువు, కెయ్ – చేయి మొదలగువానియందు విదితమే. గోండీభాషలో సెర్పుమ్ అను రూపము గలదు. బరో, ఎమెనో పండితులు 1961లో ప్రకటించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువున ఈ రూపములన్నియు నొక్కచోట గూర్పబడినవి. కాబట్టి పాదరక్షయగు చెప్పు వేఱు, వచనార్థకమగు చెప్పు వేఱు. చెరియొక త్రోవను వచ్చి తెలుగునోట నొక్కరూపము దాల్చినవి.

ఇక హిందూస్థానీ చప్పల్ శబ్దమును మన చెప్పు శబ్దమునుండి వచ్చినదని కొందఱు తృప్తిపడుదురు. రూపసామ్యమొక్కటియే చూచి బంధుత్వము గట్టుట పదవిచారమున బ్రమాదకరము. ఇప్పుడే చెప్పు, చెప్పులయందు అట్టి సామ్యమెంత మోసకరమో చూచితిమి గదా!

ఇంటిలోపల తొడుగుకొనుటకు మనవారికి వేఱు వస్తువుండెను. అది పావుకోళ్లు. కొయ్యతో జేసి, బొటనవ్రేలికిని దాని ప్రక్కవ్రేలికిని నడుమ గుబ్బ నిలిపి, వారులేకుండ అమర్చిన యీ పాదుకలు మడిగట్టుకొన్నవారికిని, యతులకును, వృద్ధులకును గృహములోపల ననుకూలములు. తోలు గడప దాటరాదు. కొయ్యకు దోషము లేదు. కన్నడమున పాదుకాశబ్దభవమగు హావుగె యను రూపము గలదు. మన పావ, పావుకోళ్లు అను శబ్దములలోని పూర్వభాగమును ఆ పాదుకకు జెందినదే యని తోచుచున్నది. ఇంటిలోనిది కొయ్య, వాకిటిది తోలు అను నీ విభాగము మన గృహధర్మమున బలముగా నుండెను. నేడు కొయ్యచోటున రబ్బరు వచ్చినది. హవాయిచెప్పులని ప్రసిద్ధికెక్కినవి ఇంటిలోనను, స్నానపుటింటిలోనను, వీధిలోనను సమానముగ దిరుగుచున్నవి. పావుకోళ్ల పేరు పిల్లలకు భరతుని కథవలన మాత్రమే తెలియుచున్నది.

ఇప్పుడు జోడు శబ్దమునకు వత్తము. దీని మూలార్థము జంట, కూర్పు. హిందీయందు జోడ్‌నా, మరాఠీయందు జోడణే, కన్నడమున జోడిసు, తెలుగున జోడించు – ఇవన్నియు చేర్చుట యను నర్థమున నొక్క కుటుంబమునకు జెందినవి. ప్రాకృతభాషలనుండి ఉత్తరదక్షిణదేశభాషలకు బ్రాకిన శబ్దమిది. ఉర్దూవారికిని మనకును ఇది పూర్వుల సొత్తే కాని, వారి యింట మనము ఎరువు దెచ్చుకొన్నది కాదు. జోడులోని జకారమును దంత్యముగ నుచ్చరింతుము గనుక ఇది తెలుగుపదమే యని వాదించుట సరికాదు. జోరు, జమీను మొదలగు అన్యదేశ్యములను సైతము తెలుగునోరు దంత్యముగనే పలుకును. ఆ వాదమును విడిచి శబ్దపరివారమును జూచుట మేలు.

ఆ పరివారము చాల పెద్దది. జోడెడ్లు కాడికి గట్టిన యెడ్లజంట. జోడుగుఱ్ఱముల బండి యనునది నగరవాసులకును బరిచితము. చేతులు జోడించుట నమస్కారము. ఒకనికి జోడు లేడనుటలో జోడు సముడు. ఈడుజోడు అను జంటపదమున ఈడు వయస్సు, జోడు తగిన పొత్తు. వధూవరులను గూర్చి మన స్త్రీలు పలుకు నీ మాటను ఉర్దూవాసన యని త్రోసివేయగల పండితు డుండడు. త్రోసివేసినను పెండ్లివారు విడువరు. ఇట్లు జంట, సామ్యము, సాహచర్యము అను నర్థములు ఒకదానినుండి మఱియొకటి సహజముగ బొడమినవి.

కవచమను నర్థము వీనికంటె దూరపుది వలె గనబడును. కాని నిజమునకు దగ్గఱదే. కావ్యభాషయందు జోడు శబ్దము కవచవాచకముగ బ్రసిద్ధము. బ్రౌను 1852లో ప్రకటించిన నిఘంటువునందును, బహుజనపల్లి సీతారామాచార్యులు 1885లో వెలువరించిన శబ్దరత్నాకరమునందును ఈ యర్థము గలదు. మనుష్యునకు జోడు, గుఱ్ఱమునకు పక్కెర అని పూర్వులు విభజించి వాడిరి. కవచము ఏకఖండమైన వస్తువు కాదు. లోహపుకడియముల నొండొంటితో గూర్చి యల్లిన జాలవర్మమైనను, రేకుల నతికినదైనను, ఱొమ్మునకును వీపునకును ప్రక్కలకును నాలుగు పలకలు నిలిపి వారులతో బిగించు చార్ ఆయినా యను కవచమైనను – అన్నిటను గూర్పే ప్రధానము. 1951లో స్థాపితమైన సాలారుజంగు ప్రదర్శనశాలయందలి యాయుధసంచయమును జూచువారికి ఈ కూర్పుపని కన్నులకు గట్టును. కవచము జోడింపబడినది గనుక జోడు అయ్యెనని మా యభిప్రాయము.

విద్యార్థులను చిక్కునబెట్టునది జోడుకంటె దానితో జేరిన క్రియ. కవచమును తొడుగుదురు, పాదరక్షను తొడుగుదురు, రెండింటికిని తొడుగుట యొకటే. కాబట్టి "జోడు తొడిగి" యను మాట విడిగ నున్నచో ఎటైనను బోవును. సందర్భమే శరణ్యము. ఖడ్గము, డాలు, శిరస్త్రాణము ముందువెనుకల నున్నచో అది కవచము. మేను, ఱొమ్ము అను శబ్దములు చేరువనున్నచో సందేహమే లేదు. పడుచుదనమున వీథిలో గిఱ్ఱుమని నడచు విటుని వర్ణనమైనచో కాలిజోడు. ఉపాధ్యాయుడు అర్థము చెప్పుటకు ముందు ఈ పాటి వెనుకముందులు చూచిన జాలును.

కూర్పునుండి కవచము వచ్చుట స్పష్టమే. జంటనుండి పాదరక్ష వచ్చుటకు మాత్రము కొంత వివరణము కావలయును. జంటగ నుండు వస్తువులు లోకమున ననేకములు గలవు. కడియములు జంట, కమ్మలు జంట, మద్దెలలు జంట. వానిలో నెవ్వియు జోడు అను పేరును తమ సొత్తుగ జేసికొనలేదు. పాదరక్ష మాత్రమే చేసికొన్నది. ఎందువలన?

మా కిట్లు తోచుచున్నది. చెప్పు అను మాట పెద్దలయెదుట ననుటకు సంకోచింపదగిన మాట యయ్యెను. తోలు, ధూళి, వీథి యను భావములు దానిని వెన్నంటియున్నవి. చెప్పుదెబ్బ యను తిట్టు దానితో గలిసినది. ఇట్టి మాటలను మనవారు నేరుగ బలుకక ప్రక్కదారిని బోవుదురు. రాత్రివేళ పామును పురుగు అందురు, మశూచిని అమ్మవారు అందురు, దీపమాఱెననక కొండెక్కెనందురు. అట్లే చెప్పులజోడు అను మాటనుండి చెప్పులను విడిచి జోడును మాత్రము నిలుపుకొనిరి. వస్తువును పేర్కొనక దాని లెక్కను బేర్కొనిరి. వినువానికి వస్తువు తెలియును. పలుకువాని నోటికి మైల తగులదు.

ఈ యూహకు హిందీభాషయు సాక్ష్య మిచ్చుచున్నది. అచ్చటి జూతా శబ్దము యుక్తశబ్దభవమని నిఘంటుకారులు చెప్పిరి. యుక్తము – జుత్త – జూతా. అనగా కూర్పబడినది, జత. అచ్చటను వస్తువు పేరుగాక జంటతనమే పేరైనది. మరాఠీలో జోడా యనగా జంటయు, పాదరక్షయు. మోల్స్‌వర్తు మరాఠీ నిఘంటువున (రెండవకూర్పు 1857) రెండర్థములును గలవు. కన్నడమున జోడు శబ్దమును అట్టిదే. కిట్టెలు 1894 నిఘంటువున దానిని జూడవచ్చును. పొరుగుభాషలు మూడును, మన భాషయు, ఒకే పోకడను బోవుట కాకతాళీయ మనరాదు. దక్కనుదేశమున నీ భాషలు నాలుగును ఒకే వీథియందు దిరిగినవి. ఒకరి సంకోచము మఱియొకరికి సోకినది.

పాదరక్షార్థమున జోడు శబ్దము తన పూర్వార్థమును మఱచినదనుటకు వ్యాకరణమే ప్రమాణము. జోడు అనగా రెండు. కావున ఏకవచనమే చాలవలయును. కాని మనము "జోళ్లు విప్పెను" అని బహువచనమున బలుకుదుము. త్రాడు – త్రాళ్లు, గూడు – గూళ్లు అనురీతిని జోడు – జోళ్లు అయ్యెను. రెండను నర్థముగల శబ్దమునకు మరల బహువచనప్రత్యయము చేర్చి రెండను నర్థమును సాధించితిమి! ఇంతటితో నాగక "ఒక జోడు తెగినది" అని యొంటికాలి చెప్పునకును వాడుచున్నాము. జంట యను మాట ఒంటిదానికి పేరైనది. శబ్దము పూర్వార్థమును బొత్తిగ గోల్పోయి నామమాత్రావశిష్టమగుట యనిన నిదియే. గన్‌ఫౌండ్రీ పేరును ఇట్టిదే. నిజాము ఆలీఖాను కొలువున ఫ్రెంచి సేనానిగ నుండి 1798లో మృతినొందిన రేమండు దొర ఫిరంగులు పోతపోయించిన చోటది. జనులు దానిని తోప్ కా సాంచా యనిరి. ఫిరంగులు పోయి రెండువందల యేండ్లు దాటినది. పేరు మాత్రము పేటకు మిగిలినది. దాని ప్రక్కనున్న ఆబిడ్సు సైతము ఆఱవ నిజాము మహబూబు ఆలీఖాను పరిచారకుడగు ఆల్బర్టు ఆబిదు పెట్టిన యంగడిపేరే. అంగడి పోయి కూడలి మిగిలినది. ఊరిపేరులకును పదార్థములకును ఈ విషయమున భేద మంతగా లేదు.

అర్థ మిట్లు రెండుచోట్ల నిలుచుటవలన లెక్కలలో జిక్కు గలుగును. పది జోళ్లు కొంటిమని యొకరు వ్రాసిరనుకొందము. అవి యైదుగురికి సరిపోవునా, పదుగురికి సరిపోవునా? అంగడివాని వాడుకలో జోడు జంట. ఇంటివాని వాడుకలో జోడు ఒంటిది. పాతకాగితములను, గ్రామపులెక్కలను బరిశోధించువారు ఈ భేదమును మనస్సున నుంచుకొనవలయును. ధరను బట్టియో, మనుష్యుల సంఖ్యను బట్టియో నిర్ణయించుకొనవలయును గాని, తమ యింటి వాడుకను ఆ కాగితమునకు అంటగట్టరాదు.

ఈ లెక్క కేవలము పండితుల వినోదము కాదు. తెలంగాణమున వెట్టి సాగిన కాలమున తోలుపని చేయు కుటుంబములు దొరలకును గ్రామాధికారులకును జోళ్లు కుట్టి యూరక యీయవలసియుండెను. తోలు వారిదే, పని వారిదే. ప్రతిఫలము మాత్రము దొర దయ. కుట్టియిచ్చినవాడు ఆ దొర గడియెదుట చెప్పులు తొడిగి నడువరాదను కట్టడి పెక్కు గ్రామములలో నుండెను. వస్తువును జేయువానికి ఆ వస్తువును వాడు నధికారము లేకుండుట యెంత విపరీతమో చెప్పనక్కఱలేదు. 1921లో హైదరాబాదునందు స్థాపితమైన ఆంధ్రజనసంఘమును, 1930లో జోగిపేటయందు మొదటిసభ జరుపుకొన్న ఆంధ్రమహాసభయు ఈ వెట్టికి ప్రతికూలముగ బనిచేసినవి. అట్టి కాలపు పత్రములందు "ఒక జోడు" అని యున్నచో, ఒక కుటుంబము యెన్నినాళ్ల కష్ట మీ పదమున నడగియున్నదో లెక్కించుటకు పదార్థనిర్ణయమే మొదటి మెట్టు.

ఆ కట్టడికి ప్రతిపక్షముగ భక్తిలోకము నిలిచియున్నది. అచ్చట పాదరక్ష కాలిక్రిందిది కాదు, తలమీదిది. భరతుడు పాదుకలకు బట్టము గట్టెను. వేంకటనాథుడగు వేదాంతదేశికులు వేయియెనిమిది శ్లోకములతో పాదుకాసహస్రము రచించిరి. వైష్ణవాలయమున అర్చకుడు మన తలపై నుంచు శఠారిమీద భగవత్పాదములే గలవు. తిరుమలకొండక్రింద అలిపిరియందలి పాదాలమండపమున భక్తులు స్వామివారి పాదుకలను శిరమున మోసి ప్రదక్షిణము సేయుదురు. శివభక్తులలో కన్నప్పకథ యింకను విచిత్రము. శివానందలహరి యఱువదిమూడవ శ్లోకమున, త్రోవలు నడచి యరిగిన వేటకాని పాదరక్షయే పశుపతి మేనికి కూర్చ యైనదని వర్ణింపబడినది. అచ్చట దానికి వాడిన శబ్దము పాదుకయే. కొయ్యదైన గృహపాదుకకే పాదుకాశబ్దము చెల్లునని, వీథిలోని తోలుచెప్పునకు జెల్లదని నియమము చేయువారు ఈ శ్లోకమును జూడవలయును. ముంజగడ్డిని గూర్చిన పాణినిసూత్రమును మరల స్మరింపవలయును. పదార్థము వస్తువునుబట్టి నిలువలేదు. అది యెవ్వరి పాదమున నున్నదో దానినిబట్టి పేరు మాఱినది. దేవునిది పాదుక, గృహస్థునిది జోడు, తిట్టులోనిది చెప్పు. మూడింటి కడుగున నున్నది ఒకే తోలుముక్క.

పారసీకశబ్దములును కొన్ని మన యిండ్లకు వచ్చినవి. పా యనగా పాదము, పోష్ అనగా కప్పునది. పాపోష్ మన పాపోసు. ఈ మాటయే పడమటికి బోయి తుర్కీలో పాబూచ్, ఫ్రెంచిలో బాబూష్ అయి, ఇంటిలోపల తొడుగు మెత్తని పాదరక్షకు బేరైనది. తివాచీ పఱచిన గదులలో దిరుగుటకు అట్టివే తగును. మోజా శబ్దమును పారసీకమే. హిందీయందలి మోచీ, మన ముచ్చి, పాదరక్షార్థమున మన కావ్యములందు గనబడు ముచ్చెలు ఈ కుటుంబమునకు జుట్టములే యని తోచుచున్నది. ఇంగ్లీషు స్లిప్పరు శబ్దమునకు జాఱుట మూలము. కట్టులేకుండ పాదము జాఱి యందులో బ్రవేశించును గనుక ఆ పేరు. మన నోట అది స్లీపరు అయినది. 1907లో వెలసిన నాంపల్లి రైల్వేస్టేషనుకు బోయినచో స్లీపరు అనగా పట్టాలక్రింది దూలము, స్లీపరు అనగా శయనింపదగిన పెట్టె, ప్రయాణికుని కాలనున్నదియు స్లీపరే. మూడింటిని ఒక్క కూలివాడు తడబడక వాడుచున్నాడు. సందర్భము నెఱిగినవానికి నానార్థములు భారము గావు.

మేజోడు శబ్దమును గూర్చి ఒక మాట. కాలికి దొడుగు నూలుతొడుగును మేజోళ్లు అందుము. మేను + జోడు అని విడదీసినచో కవచమను నర్థము తోచును. కాని కాలితొడుగునకు మేనితో బనియేమి? మోజాల జోడు అను మాట నలిగి, మన మేనుశబ్దపు పోలికను దాల్చి మేజోడు అయ్యెననుట సమంజసముగ నున్నది. తెలియని పదమును తెలిసిన పదమువలె మలచుకొనుట జనులకు సహజము.

కాబట్టి నిఘంటువున జోడు శబ్దమున కర్థములను వ్రాయునపుడు జంటను మొదట నిలిపి, సామ్యమును దాని వెంట జేర్చి, కవచమును ప్రయోగసహితముగ జూపి, పాదరక్షను తరువాత వ్రాయుట క్రమము. పాదరక్షార్థమున జంటకును ఒంటికిని గల భేదమును ప్రత్యేకముగ దెలుపవలయును. పాఠశాలలో బాలుడు జోళ్లు అని వ్రాసినచో దిద్దవలసిన దోషము లేదు. అతడు 'ఒక జోడు చెప్పులు' అని వ్రాసినచో నింకను మేలు. ఏల యనగా అందు జోడు తన మొదటి యర్థమున బనిచేయుచున్నది.

కండ్లజోడు శబ్దమున ఈ చిక్కు పుట్టలేదు. రెండద్దములును ఒకే చట్రమున బిగింపబడుటచేత ఒంటియద్దమునకు జోడు అను పేరు ప్రాకుట కవకాశము దొరకలేదు. "రెండు కండ్లజోళ్లు" అన్నచో నాలుగద్దములని యెల్లవారికి దెలియును. "రెండు జోళ్లు" అన్నచో మాత్రము, చెప్పులు వాకిట విడివిడిగ బడియుండునవి గనుక, అడిగి తెలిసికొనవలసినదే.